ఇప్పనూనె పోసిన గడియారం

పోయిన నెలలో మా నాయనమ్మ గడియారాన్ని ఖమ్మం బజారులో విప్పించాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టని గడియారం ఉన్నట్టుండి ఆగిపోయింది. గడియారాలు బాగుచేసే రహీం దుకాణంలో ఇప్పుడు సగానికి పైగా ఫోన్ కవర్లే. వెనక మూల మాత్రం వాళ్ల నాన్న కూర్చున్న బల్ల, ఆ బల్ల మీద ఆయన వాడిన పనిముట్లు ఇంకా ఉన్నాయి. కర్రపెట్టెలోంచి యంత్రాన్ని బయటికి తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశాడు. ఒక పలక కింద, వేలు దూరని సందులో ఏదో గోధుమరంగు పొర పట్టి ఉంది. సూదితో గీరి కాగితం మీద వేసి నా ముందుకు జరిపాడు. "ఇదేంది మేడం? మిషన్ ఆయిల్ గిట్ల ఉండదే." వాసన చూశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అనుమానం లేకుండా తెలిసింది. ఇప్పనూనె అన్నాను. "గడియారంల ఇప్పనూనె ఎవరు పోసిన్రు?" మా నాయనమ్మ అన్నాను. రహీం భూతద్దం తీసి నన్ను ఒకసారి చూసి, "నయమే, దోశె పొయ్యలేదు దీని మీద" అన్నాడు. ఇద్దరం గట్టిగా నవ్వాం. ఉద్యోగమంతా ఊరివాళ్ల కథలు దిద్ది అచ్చుకు పంపిన దాన్ని. ఇంటి కథ రాయడానికి ఎప్పుడూ తీరలేదు. ఆ వాసన ఇంకా వేలికి ఉండగానే ఇది రాయాలనిపించింది.

మా ఇల్లు దుమ్ముగూడెంలో, గోదావరి ఒడ్డుకు దగ్గర్లో, చర్చికి ఆనుకుని ఉండేది. నాయనమ్మ పేరు రాహేలమ్మ. మిషన్ దవాఖానాలో చిన్నప్పుడే ఆయాగా చేరి, చివరికి ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించేదాకా వెళ్లింది. దవాఖానా నడిపిన ఇంగ్లీషు డాక్టరమ్మను ఊరంతా దొరసాని అనేవారు. ఆమె తన దేశానికి తిరిగి వెళ్లిపోయేటప్పుడు పుస్తకాలు పాస్టరు అయ్యగారికి, కుర్చీలు బడికి, గడియారం మా నాయనమ్మకు ఇచ్చిందట. "ఇది రోజూ ఒకే మనిషి చేతిలో ఉండాలె రాహేలూ" అందట. అప్పటికే తాతయ్య లేడు. పొలం లేదు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక అరుగు, నల్లగా మెరిసే కర్రపెట్టెలో ఒక ఇంగ్లీషు గడియారం, ఇవీ ఆమె ఆస్తి. నాయిన పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. కంపెనీ క్వార్టరు ఇంకా రాలేదు కాబట్టి అమ్మా నేనూ నాయనమ్మ దగ్గరే ఉండేవాళ్లం. నాయిన సెలవు దొరికినప్పుడు బస్సులో వచ్చి వెళ్తుండేవాడు.

గడియారం మూరెడు ఎత్తు కూడా ఉండదు. పైన పట్టుకోవడానికి ఇత్తడి పిడి, కింద నాలుగు ఇత్తడి పాదాలు. తెల్లటి గుండ్రని ముఖం మీద నల్లటి రోమన్ అంకెలు, వాటి కింద చేసినవాడి పేరు సగం చెరిగిపోయి, లండన్ అన్న మాట మాత్రం స్పష్టంగా. ముళ్లు నల్లగా కనిపించేవి కానీ కిటికీ వెలుతురు పడితే నెమలిమెడ రంగు వచ్చేవి. ఉక్కును సరైన వేడి దగ్గర ఆపితే ఆ నీలం వస్తుందని, ఒక్క క్షణం ఎక్కువైతే పోతుందని నాకు చాలా తర్వాత తెలిసింది. లోపల నాకు అన్నిటికంటే ఇష్టమైంది గొలుసు. సైకిలు గొలుసును ఎవరో మంత్రం వేసి చీమలంత చేసినట్టు ఉంటుంది. ఒక చివర స్ప్రింగు ఉన్న డబ్బాకు, ఇంకో చివర నత్తగుల్లలా మెట్లు మెట్లుగా చెక్కిన ఒక చక్రానికి. కొత్తగా కీ ఇచ్చిన స్ప్రింగు కుర్రవాడిలా లాగుతుంది, వారం చివరికి ముసలివాడిలా లాగుతుంది. బలం ఎక్కువగా ఉన్నప్పుడు గొలుసు ఆ చక్రం సన్నటి వైపును పట్టుకుంటుంది, బలం తగ్గేకొద్దీ వెడల్పు వైపుకు దిగుతుంది. అందువల్ల ఆదివారమైనా శనివారమైనా ముళ్ల మీద పడే బలం ఒక్కటే. ఈ సంగతి నాయనమ్మకు దొరసాని చెప్పింది, నాయనమ్మ నాకు చెప్పింది. ఇంత చిన్న యంత్రంలో ముసలితనానికి కూడా లెక్క ఉంచినవాడు ఎలాంటి మనిషై ఉంటాడా అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్లచీర మార్చకుండానే నాయనమ్మ గడియారానికి కీ ఇచ్చేది. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పొయ్యి మీద కూర మాడినా సరే. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేది. ఇంట్లో ఇదంతా తమాషాగా ఉన్నా బయట మాత్రం చాలా పెద్ద విషయం. ఎందుకంటే చర్చి గంట ఈ గడియారం చూసే కొట్టేవారు. దొరసాని కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. పొద్దున్నే గంట కొట్టే దావీదు మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. నాయనమ్మ లోపల్నుంచి "ఊఁ" అంటే వెళ్లి తాడు లాగేవాడు. మధ్యాహ్నం, సాయంత్రం కూడా అంతే. బడి ఆ గంటకే తెరిచేవారు, మిరప చేలల్లో కూలికి పోయిన ఆడవాళ్లు ఆ గంటకే సద్దిమూట విప్పేవారు. భద్రాచలం బస్సెక్కేవాళ్లు, కాన్పు నొప్పులు మొదలైన ఇంటివాళ్లు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు, అందరూ మా అరుగు ముందు ఆగి "టైమెంతయిందమ్మా" అని అడిగేవారు. పొలమూ మొగుడూ లేని ఆడమనిషిని ఊరంతా రోజూ ఏదో ఒకటి అడగడం అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఇప్పనూనె లేని ఇల్లు మా వైపు ఉండేది కాదు. వేసవిలో అడవి ఊళ్ల నుంచి ఇప్పపువ్వు, వానలు మొదలయ్యాక ఇప్పగింజల నూనె సంతకు వచ్చేవి. ఆ నూనెతోనే దీపం, తలకు రాసుకోవడం, మోకాళ్లకు మర్దన. పండగపూట బూరెలు కూడా. కొంచెం చేదు, కొంచెం తీపి కలిసిన ఆ వాసన మా జుట్టుకు, దిండ్లకు, పాటల పుస్తకాల అట్టలకు కూడా పట్టి ఉండేది. క్రిస్మస్ ముందు మా ఇంట్లో అందరికీ తలంట్లు. ఆ ఏడు నాయనమ్మ ఆడవాళ్లందరి తలలకూ ముందుగానే ఒకసారి నూనె పట్టించి, గిన్నె అడుగున మిగిలిన దాన్ని చూసి, గడియారం వైపు చూసిందట. ఏళ్ల తరబడి నడుస్తోంది, దానికి మాత్రం ఎవరు పెట్టారు నూనె? వెనక తలుపు తీసి, కోడి ఈకతో గొలుసుకూ చక్రాలకూ శ్రద్ధగా ఇప్పనూనె పట్టించింది. సంతలో ఏరి కొన్న మంచి నూనె. మాకెవరికీ చెప్పలేదు. ప్రేమగా చేసిన పనులన్నీ చెప్పి చేస్తామా?

వారం పాటు గడియారం బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత గోదావరి మీద మంచు దిగింది. ఒక తెల్లవారుజామున దావీదు అరుగు దగ్గర నిలబడి నిలబడి, "రాహేలమ్మా, ఊఁ అనవేంది?" అని పిలిచాడు. గడియారం ఆగి ఉంది. నాయనమ్మ లోలకాన్ని ఊపింది. నాలుగు టిక్కులు కొట్టి ఆగింది. మళ్లీ ఊపింది, మళ్లీ ఆగింది. ఎండ బాగా ఎక్కాక ఊపితే మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచింది. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ అదే. ఆమె దాన్ని శాలువాలో చుట్టింది, స్థలం మార్చింది, ప్రార్థన చేసింది. కిటికీలోంచి చలి తగులుతుందేమోనని గోనెపట్టా కట్టింది. కారణం ఏమై ఉంటుందో ఆమెకు తట్టలేదు. మాకైతే ఆమె నూనె పోసిన సంగతే తెలియదు.

సంఘపెద్ద సామేలు గారికి కబురు చేరడానికి ఎంతసేపు? ఆయన బడి పంతులు. మంచివాడే. కొత్తగా చేతి గడియారం కొన్నప్పటి నుంచి చొక్కా చేతులు మోచేతి దాకా మడవడం మొదలుపెట్టాడు, చలికాలంలో కూడా. ఆరాధన తర్వాత పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు.

"రాహేలక్కా, గడియారం మల్ల ఆగిందంట గదా?"

"ఆగలే, అలిసింది. నువ్వు అలవవా ఏంది?"

"అలిసిన గడియారం మీద చర్చి గంట ఎట్ల కొడ్తమక్కా? నా చేతికి వాచి ఉన్నది గద. సెకండ్ల ముల్లుతోని సహా ఉన్నది."

"ఉంటే సంబురమే. నువ్వు చెయ్యి జేబుల పెట్టుకుంటే ఊరందరికి టైము లేకపాయె గద తమ్మీ."

పెద్దల్లో ఒకాయన నవ్వాడు. సామేలు గారు నవ్వలేదు. గడియారం దొరసాని సంఘం కోసం వదిలిన వస్తువని, నడిచినన్నాళ్లు ఈ ఇంట్లో ఉందని, నడవనప్పుడు అయ్యగారి ఇంట్లో అద్దాల బీరువాలో భద్రంగా పెట్టడం న్యాయమని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. బళ్లో లెక్క చెప్పినట్టు చెప్పాడు. క్రిస్మస్ దాకా గంట తన వాచి చూసి కొట్టాలని, క్రిస్మస్ పొద్దున మొదటి గంట వేళకు గడియారం తనంతట తాను నడుస్తుంటే మళ్లీ పాత పద్ధతేనని, లేకపోతే బీరువాకేనని తేల్చారు. నాయనమ్మ "అట్లనే కానియ్యిండ్రి" అంది. వాళ్లు వెళ్లాక తెల్లచీరతోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అమ్మ టీ ఇస్తే, "బీరువాల పెడ్తరంట. శవపేటికల పెట్టినట్టు" అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లో ఊళ్లో జరిగిన తమాషా చెప్పకపోతే కథ పూర్తి కాదు. సామేలు గారి వాచి మీద గంట మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం గంట కొంచెం కొంచెంగా ఆలస్యం కావడం మొదలైంది. బడిపిల్లలకు పొద్దున ఆలస్యంగా తెరిచే బడి నచ్చింది. మిరప చేలల్లో ఆడవాళ్లకు మాత్రం ఆకలి వాచి మీద నడవదు. ఒకామె మా అరుగు దగ్గర ఆగి, "నీ ముసలి గడియారమే నయముండె రాహేలమ్మా. గా పంతులు వాచి మా కడుపుల మీద పగబట్టింది" అని తిట్టిపోసింది. నాయనమ్మ ముఖం మీద మొదటిసారి కాస్త వెలుగు చూశాను. కానీ ఎవరు ఎంత తిట్టినా, గడియారం తెల్లారేసరికి ఆగే ఉండేది.

క్రిస్మస్ ముందురోజు పొద్దున అమ్మ నా తలంటుకు ఇప్పనూనె గిన్నె తీసింది. చలికి నూనె పేరుకుని పసుపుపచ్చగా నెయ్యి ముద్దలా ఉంది. వేలు పెడితే గుంట పడుతోంది. "పొయ్యి పక్కన పెట్టు సుగుణా, కరుగుతది" అని నా చేతికిచ్చింది. ప్రతి చలికాలం చేసే పనే. నేను గిన్నె పట్టుకుని వెళ్తుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. గిన్నెలోకి చూసింది. పొయ్యిని చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండను చూసింది. గబగబా వెళ్లి గడియారం వెనక తలుపు తీసి, గొలుసు మీద గోరుతో గీకి, గోటిమీదికి వచ్చిన పసుపుపచ్చటి ముద్దను వాసన చూసింది.

"ఓసి నా పాడు బుద్ధీ! నేనే పోసిన గదనే దీనికి!"

అప్పుడు చెప్పింది మాకు సంగతి. అమ్మ మొదట నోరెళ్లబెట్టింది, తర్వాత నవ్వు ఆగక గోడ పట్టుకుంది. నవ్వయ్యాక గొంతు తగ్గించి, "కడిగి పెట్టెయ్యి అత్తా. నడిస్తే చాలు. నువ్వు పోసినవని ఎవరికి ఎరుక?" అంది.

నాయనమ్మ ఆమె వైపు తిరిగి, "దొంగతనంగ నడిపిచ్చుకుంటే అది నా గడియారం ఎట్లయితదే?" అంది.

తర్వాత ఆమె చేసిన పని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. వాకిట్లో ఎండలో మంచం వేయించి దాని మీద ఉతికిన తెల్లటి గుడ్డ పరిచింది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. లోలకాన్ని తీసి పక్కన పెట్టి, పెట్టెకు ఉన్న మరలు విప్పి, యంత్రాన్ని రెండు చేతులతో బిడ్డను తీసినట్టు బయటికి తీసింది. కిరసనాయిలు, కోడి ఈకలు, పాత మల్లుగుడ్డ. ఆమె చెయ్యి చాపితే నేను ఈక అందించాలి. మాట లేదు. ఆపరేషన్ గదిలో ఆమె ఎలా ఉండేదో నేను అప్పుడు చూశాను. గొలుసు ఒక్కో కీలు తుడుచుకుంటూ పోతుంటే నేను యంత్రం వెనక పలక చూశాను. ఎప్పుడూ గోడవైపే ఉండే పలక. దాని నిండా సన్నటి గీతలతో తీగలు, ఆకులు, విచ్చిన పూలు, ఒక మూల తోక మెలిపెట్టిన పిట్ట. ముందువైపు ముఖం మీద ఒక్క పువ్వు లేదు. వెనక ఒక తోట ఉంది.

"గోడ దిక్కుకుండే దానికి గింత పని ఎందుకు చేసిండు నాయనమ్మా?"

ఆమె ఈక ఆపకుండానే అంది, "దొరసాని కడుపు కోసినంక లోపలి కుట్టు ఎంత సక్కగ ఏసేదో ఎరికేనా? పైకుట్టు లోకం చూస్తది. లోపలిది ఏసినోళ్లకే ఎరుక. గిది గట్లాంటిదే."

అమ్మ కుట్టుమిషన్ నూనె సీసా తెచ్చింది. ఈసారి నాయనమ్మ సూదిమొనతో ఇరుసుల దగ్గర మాత్రం బొట్టు బొట్టుగా అంటించింది. యంత్రాన్ని పెట్టెలో బిగించి గూట్లో పెట్టి లోలకం ఊపింది. నడిచింది కానీ కుంటింది. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆమె కళ్లు మూసుకుని విని, చింతపిక్కను అరగదీసి, వాలు పోయేలా ఒక పాదం కింద పెట్టింది. కుంటు పోయింది. నిండుగా, ఒకే కొలతలో శబ్దం ఇల్లంతా పరుచుకుంది. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం, "పో బిడ్డా, సామేలు పంతుల్ని పిల్చుకరా. వాచి పెట్టుకుని రమ్మను" అంది.

ఎందుకో నాకు అర్థమైంది. గడియారం నడుస్తోంది కానీ టైము లేదు. టైము పెట్టాలంటే ఎవరినో అడగాలి. ఊరంతా తనను అడగడానికి అలవాటుపడిన మనిషి, తన గడియారాన్ని బీరువాలో పెడతానన్న మనిషిని అడగబోతోంది.

సామేలు గారు మామూలుగానే చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు. నాయనమ్మ ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. నిలబడే చెప్పింది. "తమ్మీ, గడియారం చెడిపోలే. ప్రేమ ఎక్కువై నేనే దానికి ఇప్పనూనె పోసిన. చలికి పేరుకొని ఆగింది. తప్పు నాది, దానిది కాదు. ఇగ తీసుకపోతనంటే నీ ఇష్టం. ఉంచుతనంటే, నీ వాచిల టైమెంతో చెప్పు, ముల్లు పెట్టుకుంట."

ఆయన వాచి వైపు చూసుకున్నాడు. మడిచిన చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నాడు.

"నా వాచిని నమ్మకు రాహేలక్కా" అన్నాడు చివరికి.

"ఏమయిందయ్యా?"

"కొన్నప్పటిసంది అది దినాం వెనకబడ్తది. పొద్దుగాల్నే నీ గంట ఇని దానికి టైము పెట్టుకుంటుంటి. ఇన్ని దినాలసంది గంట నా వాచి మీద కొట్టిపిచ్చి, మల్ల అదే గంట ఇని వాచికి టైము పెట్టుకుంటున్న. ఇప్పుడు టైమెంతో నాకు ఎరికలేదు. నాకే కాదు, ఈ ఊర్ల ఎవ్వరికి ఎరికలేదు."

నాయనమ్మ నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. సామేలు గారు కూడా, ముందు సిగ్గుగా, తర్వాత కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఉండనియ్యక్కా, ఇక్కడ్నే ఉండనియ్యి. బీరువాల పెడ్తే నాకు టైమెవరు చెప్తరు?" అన్నాడు.

నాయనమ్మ వాకిట్లోకి వెళ్లి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని గోదావరి మీది ఎండను చూసింది. చర్చి గంటస్తంభం నీడ చూసింది. ఇన్నేళ్లు గడియారాన్నీ ఊరినీ కలిపి చూసిన కళ్లు అవి. లోపలికి వచ్చి పెద్దముల్లును ముందుకు తిప్పడం మొదలుపెట్టింది. ప్రతి గంట దగ్గరా ఆగి, కొట్టాల్సినన్ని గంటలు కొట్టనిచ్చి, మళ్లీ తిప్పింది. ఒక చోట ఆపి, "ఇదీ టైము" అంది. సామేలు గారు అక్కడే నిలబడి తన వాచికి అదే టైము పెట్టుకున్నాడు. క్రిస్మస్ తెల్లవారుజామున మంచు గోదావరిని కప్పేసి ఉంది. దావీదు వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు. నేను మెలకువగానే ఉన్నాను. టిక్కు టక్కు ఎక్కడా తడబడలేదు. నాయనమ్మ లోపల్నుంచి "ఊఁ" అంది. గంట మోగింది.

పత్రికలో పనిచేసినన్నాళ్లు నేను నిమిషాలతో బతికాను. పేజీ ఆలస్యమైతే బండి వెళ్లిపోతుంది, బండి వెళ్లిపోతే ఆ ఊళ్లకు పేపరు లేదు. ఇప్పుడు ప్రతి జేబులోనూ తప్పులేని టైము ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. కాన్పుకు అంబులెన్సు పిలిచేవాళ్లకు అరుగు ముందు ఆగి అడగాల్సిన అవసరం లేకపోవడం మంచిదే. కానీ ఆ టైముకు పూచీ ఎవరిది అంటే చెప్పలేం. దుమ్ముగూడెంలో మా చిన్నతనపు టైము కాస్త అటూ ఇటూ అయి ఉండవచ్చు. దాని వెనక మాత్రం పేరు పెట్టి పిలవగల ఒక మనిషి నిలబడి ఉండేది. తప్పు జరిగితే తనదేనని వాకిట్లో నిలబడి చెప్పేది. న్యూస్ డెస్కు మీద నేను కుర్రవాళ్లకు నేర్పడానికి ప్రయత్నించింది కూడా ఇంతకంటే ఎక్కువేమీ కాదు. కొందరికి వచ్చింది.

పండగ అయ్యాక నాయిన పాల్వంచ నుంచి వచ్చాడు. కరెంటు ఫ్యాక్టరీకి పండగలు ఉండవు కాబట్టి క్రిస్మస్ డ్యూటీలోనే గడిచింది. జరిగింది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత యంత్రాలతో పనిచేసే మనిషి కాబట్టి, గడియారాన్నీ తన చేతి వాచినీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన వాచి ఫ్యాక్టరీ సైరన్‌తో కలిపి పెట్టుకున్నది. "అమ్మా, నీది పావుగంట ముందున్నది. మా షిఫ్టు సైరన్ కరెక్టు టైముకు కూస్తది" అన్నాడు.

నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. "అట్లనా? అయితే మీ సైరన్ సరిచేసుకోమని చెప్పు బిడ్డా."

నాయిన గడియారం ముట్టుకోలేదు. తన వాచిని తీసి పావుగంట ముందుకు తిప్పుకున్నాడు. అప్పటినుంచి ఎప్పుడు వచ్చినా అంతే, ఊళ్లో ఉన్నన్నాళ్లూ తల్లి టైము. సెలవు అయ్యాక పాల్వంచ బస్టాండులో దిగి, సైరన్ విని, మళ్లీ వెనక్కి తిప్పుకునేవాడు.